పదకొండో పేరు

మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి భోజనాలు. సరిగ్గా అదే టైముకి టీవీలో మా ఆవిడ వార్తలు చదువుతుంది. చదివే ఆవిడా, నా పక్కన పీట మీద కూచుని పప్పన్నం కలుపుకునే ఆవిడా ఒకరే అని లోకం అనుకుంటుంది. టీవీలో సలోమికి ముప్పై తొమ్మిదేళ్ళు. పక్కనున్న సలోమికి నలభై ఎనిమిది. టీవీలో ఆవిడకి దగ్గు రాదు, జలుబు చేయదు, పండక్కి సెలవు అక్కర్లేదు. జడలో పెట్టుకున్న మూరెడు మల్లెపూలు తొమ్మిదేళ్ళుగా వాడలేదు. ఇంట్లో ఆవిడ గొంతు మాత్రం గరగరమంటుంది. గడ్డకి ఆపరేషన్ అయ్యాక అట్లా మిగిలిపోయింది.

టీవీలో ఉన్న ఆవిడని తయారు చేసింది నేనే. మొదట్లో ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు అడిగినా చెప్పబుద్ధి కాదు. కానీ ఒకసారి మొత్తం చెప్పేస్తే పోతుందని ఇది రాస్తున్నాను.

నా పేరు దేవసహాయం. వాడలంకలో తీరవాణి టీవీ స్టేషన్‌కి ఇంజనీర్ని. ఇంజనీరంటే పెద్దగా ఊహించుకోకండి. టవరెక్కి తుప్పు గీకేది నేనే, లైట్లు మార్చేది నేనే, స్టూడియోలో ఫ్యాను కిర్రుమంటే నూనె వేసేదీ నేనే. చిన్న ఊళ్ళలో కూడా టవర్ వేసుకుని ప్రసారం చేసుకోవచ్చని ప్రభుత్వం లైసెన్సులిచ్చిన రోజుల్లో పిచ్చయ్య మాస్టారు పెట్టిన స్టేషనది. ఆయన మా హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. రిటైరై, ఉన్న రెండెకరాలూ అమ్మి టవర్ వేశారు. పిచ్చయ్య అని పేరు పెట్టినందుకు న్యాయం చేస్తున్నాడని ఊళ్ళో నవ్వారు.

నవ్వినవాళ్ళే తర్వాత ఆయన మాట లేకపోతే అన్నం తినేవాళ్ళు కాదు. కారణం నీటి వరస.

మా వాడలంక సముద్రానికి ఏడు మైళ్ళు. మధ్యలో ఉప్పుటేరు. తుఫానొస్తే సముద్రం ఆ ఏట్లో పడి వెనక్కి ఎగదన్నుతుంది. ఏటి పొడుగునా పల్లెలు. ఏ పల్లెలోకి నీళ్ళు ముందొస్తాయి, ఏ పల్లెలోకి తర్వాతొస్తాయి అన్నది మాస్టారు వెదురుకర్ర పట్టుకుని నాలుగేళ్ళు తిరిగి కొలిచారు. ముసలివాళ్ళని కూచోబెట్టి అడిగారు. ఆ వరసలో పది పల్లెల పేర్లు స్టూడియో గోడ మీద ఎర్ర రంగుతో రాశారు. దోనిపాలెం, మొగతోట, నక్కలదిబ్బ, ఉప్పుకొటార్లు అంటూ చినలంక దాకా. నీళ్ళ వార్త వస్తే చదివేవాళ్ళు ఆ పేర్లు ఆ వరసలోనే చదవాలి. లోతట్టు ప్రాంతాలు అనే మాట మా స్టేషన్లో నిషేధం. లోతట్టంటే ఎవడూ తన ఊరు అనుకోడురా, పక్క ఊరనుకుంటాడు అనేవారాయన.

జనానికి అది అలవాటైపోయింది. వాన ముసురు పడితే చాలు, పొయ్యి సన్నం చేసుకుని టీవీ ముందు కూచునేవాళ్ళు. పేరొస్తే మూట కట్టేవాళ్ళు. రాకపోతే చాప పరుచుకునేవాళ్ళు. ఆరు తుఫానులొచ్చాయి, ఆరుసార్లూ ఆ వరస తప్పలేదు. "పేరొచ్చిందా?" అన్నది మా వైపు పలకరింపు కిందే లెక్క. ఫోన్లకి హెచ్చరికలు రోజుకి నాలుగు వస్తాయి, అన్నీ ఒకటే మాట, వాటిని చూసే నాథుడు లేడు. సలోమి నోటివెంట పేరు వస్తేనే వార్త.

పదకొండో పేరు తర్వాత వచ్చింది. ఏటి కోతలో ఇళ్ళు పోయినవాళ్ళకి ప్రభుత్వం తొమ్మిది ఇళ్ళు కట్టించి కొత్తకాలనీ అని పేరు పెట్టింది. అక్కడుండే బూసమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. ఒకరోజు సరాసరి తట్టతో సహా స్టూడియోలోకి వచ్చి నేల మీద చతికిలబడింది. తుఫానొస్తే అందరి పేర్లూ చదువుతారు, మేం మనుషులం కామా, మా పేరు గోడెక్కిందాకా నేను లేవను అంది. మాస్టారు నవ్వి ఎర్రరంగు డబ్బా కోసం వెతికితే అది ఎండిపోయి ఉంది. జేబులో పెన్సిలు తీసి, పదో పేరు కింద కొత్తకాలనీ అని రాశారు. తర్వాత రంగు వేద్దాంలే అన్నారు. స్టూడియోలో చేపల వాసన రెండు రోజులుంది. రంగు మాత్రం ఎవరం వేయలేదు. సలోమి అప్పట్నుంచి పదకొండు పేర్లూ చదివేది. బూసమ్మ నెలకోసారి మా ఇంటికొచ్చి గుమ్మంలో కూచుని, ఎండు రొయ్యపొట్టు పొట్లం పెట్టి, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్ళేది.

సలోమికి గొంతులో గడ్డ తేలినప్పుడు గుంటూరు తీసుకెళ్ళాం. మూడు నెలలు మాట్లాడకూడదన్నారు డాక్టర్లు. స్టేషన్లో ఆమె కాక చదివే మనిషి లేదు. నాకు అప్పటికే ఒక పిచ్చి ఉంది. ఆమె తొమ్మిదేళ్ళుగా చదివిన టేపులన్నీ ఒక కంప్యూటర్ డబ్బాకి తినిపించి, ఏ అక్షరానికి పెదవి ఎట్లా మూస్తుంది, ఎక్కడ ఊపిరి తీస్తుంది, ఏ మాట ముందు కళ్ళెత్తుతుంది అన్నది దానికి నేర్పడం. నా జీతం రాళ్ళన్నీ ఆ డబ్బా మింగేసింది. దానికి ఛాయ అని పేరు పెట్టుకున్నాను.

మొదటిసారి పనిచేసిన రోజు కీబోర్డు మీద నేను కొట్టిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. నమస్కారం, ఇవాళ మా ఆయన వంట చేశాడు, ఎవరూ తినలేదు. కొట్టి మీట నొక్కగానే తెర మీద సలోమి కళ్ళెత్తి, చిన్నగా ఊపిరి తీసి, ఆ వాక్యం చదివింది. ఆసుపత్రికి పరిగెత్తి ఫోన్లో చూపించాను. ఆమె కట్టు పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. పలక తీసుకుని, నాకన్నా బాగా చదువుతోంది అని రాసింది. నేనది మెచ్చుకోలనుకున్నాను. వట్టి మూర్ఖుణ్ణి.

ఛాయని ప్రసారంలో పెట్టాలంటే ఆమె ముఖాన్నీ గొంతునీ స్టేషన్ వాడుకోవచ్చని కాగితం ఉండాలన్నాడు లాయరు. మూడు నెలల ముచ్చటే కదా అని నేనే కాగితం తీసుకెళ్ళాను, నేనే వేలు పెట్టి ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాను. ఆమె చదవకుండా పెట్టింది. మొగుడు తెచ్చిన కాగితం ఎవరు చదువుతారు.

గొంతు తిరిగొచ్చింది గానీ పాత గొంతు కాదు. సరేలే, వార్తలు నువ్వు రాయి, ఛాయ చదువుతుంది అన్నారు మాస్టారు. ఆ తర్వాత మూడేళ్ళు బాగానే గడిచాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. సలోమి పొద్దున్నే సైకిలు వేసుకుని రేవుకీ, పంచాయతీ ఆఫీసుకీ తిరిగి వార్త తెచ్చేది. తెర మీద ఆమే చదివేది. స్టేషన్లో మేం పంతొమ్మిది మందిమి. గేటు బయట రంగనాయకులు టీ కొట్టు మా మీదే బతికేది. ఎరువుల కొట్టువాడూ గాజుల కొట్టువాడూ మాకు ప్రకటనలిచ్చేవాళ్ళు. గాజుల కొట్టువాడు డబ్బు తక్కువైతే సలోమికి గాజులిచ్చి సరిపెట్టేవాడు.

అప్పుడు చట్టం మారింది. అంతకు ముందు ఒక యజమానికి రెండు స్టేషన్లకి మించి ఉండకూడదని పరిమితి. దాన్ని ఎత్తేశారు. పెద్దవాళ్ళ చేతికొస్తే చిన్న స్టేషన్లు బాగుపడతాయి, పోటీ పెరుగుతుంది, ఊరూరికీ మంచి కార్యక్రమాలొస్తాయి అన్నారు. మేం కూడా చప్పట్లు కొట్టాం. ఏకధార అనే కంపెనీ రెండేళ్ళలో అరవై రెండు స్టేషన్లు కొనేసింది. పోటీ ఎవరితో ఎవరికి పెరిగిందో నాకిప్పటికీ బోధపడలేదు.

మాస్టారు మొదట అమ్మనన్నారు. చుట్టుపక్కల స్టేషన్లన్నీ ఏకధారవే అయ్యాక సినిమాలు గానీ క్రికెట్ గానీ మా ఒక్కరికి ఎవరూ ఇవ్వలేదు. ప్రకటనలూ అటే పోయాయి. ఏడాది లాగి, గుండె పట్టుకుని, సంతకం పెట్టేశారు. ఆ శీతాకాలంలోనే పోయారు. వాళ్ళకి మా టవర్ మీద అంత మోజెందుకో తర్వాత తెలిసింది. టవర్ కాదు, ఛాయ కావాలి. స్టేషన్‌తో పాటు దాని కాగితాలన్నీ వాళ్ళవయ్యాయి. నేను ఆసుపత్రిలో సంతకం పెట్టించిన కాగితం కూడా.

ఆ తర్వాత అరవై రెండు ఊళ్ళలో అరవై రెండు ఛాయలు. ఊరి వాళ్ళకి తెలిసిన ముఖం, తెలిసిన గొంతు. రాసేది మాత్రం హైదరాబాదులో ఒక హాల్లో. తీరంలో తొమ్మిది స్టేషన్లకి ఒకటే వార్త. మా ఊరి సంత మూతపడిన వార్త మా టీవీలో రాలేదు గానీ, ఎక్కడో మాల్ తెరిచిన వార్త సలోమి నవ్వుతూ చదివింది. పంతొమ్మిది మందిలో నేనొక్కణ్ణి మిగిలాను, దుమ్ము దులపడానికి. రంగనాయకులు టీ కొట్టు ఎత్తేసి రొయ్యల ఫ్యాక్టరీలో కాపలాకి పోయాడు. ప్రకటన ఇస్తే అరవై రెండు స్టేషన్లకీ కలిపి ఇవ్వాలన్నారు. వాడలంకలో గాజులమ్ముకునేవాడికి శ్రీకాకుళంలో ప్రకటన ఎందుకు? వాడు జిలానీ అనే అతని మైకు ఆటో మాట్లాడుకుని వీధుల్లో చాటించుకోవడం మొదలుపెట్టాడు. ఆర్నెల్లు చాటించి, కొట్టు మూసేశాడు.

సలోమికి ఇంకొకటి జరిగింది. చర్చిలో ఆదివారం మైకులో వాక్యం చదివేది, ఆ గరగర గొంతుతోనే. ఎవరో ఫోన్లో తీసి నలుగురికీ పంపారు. నెలలో నోటీసు వచ్చింది. తీరవాణి సలోమి అనే గొంతు కంపెనీ ఆస్తి, దానికి భంగం కలిగేలా బహిరంగంగా మాట్లాడరాదు అని. ఆమె రెండుసార్లు చదివి మడిచి బైబిల్లో పెట్టింది. మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళలేదు. నేను క్షమించమని అడిగాను. మీరు మాత్రం ఏం చేస్తారండీ అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కిందటేడు కార్తీకంలో తుఫాను వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి వాతావరణ ఆఫీసు కాగితం నా ముందు పడింది. సాయంత్రం నాలుగున్నరకి పోటు, అదే టైముకి గాలి తీరం దాటుతుంది. అంటే ఏరు ఎగదన్నుతుంది. మాస్టారుంటే పదకొండు పేర్లూ పదింటికల్లా చదివించేవారు.

నేను హైదరాబాదు హాలుకి ఫోన్ చేశాను. మా తీరం స్టేషన్లు చూసేది నిఖిత అనే అమ్మాయి. చెడ్డమ్మాయి కాదు. పేర్లు చదివించమ్మా అని బతిమాలాను. పేర్లు చదివితే ఇరవై సెకన్లు పడుతుంది, అంత ఖాళీ లేదంది. తొమ్మిది స్టేషన్లకీ ఒకటే పాఠం వెళ్తుంది, ఒక్కదానికి మారిస్తే పైవాళ్ళు ఒప్పుకోవాలి, పేరు చెప్పాక నీళ్ళు రాకపోతే ఎవరిది బాధ్యత అని లీగల్ వాళ్ళు అడుగుతారు అంది.

"సార్, నేనొక్కదాన్నే ముప్పై ఒక్క స్టేషన్లు చూస్తున్నాను. పొద్దున్నించి టీ కూడా తాగలేదు. మీ ఊరి పేర్లు నాకెట్లా తెలుస్తాయి చెప్పండి."

పదింటికి తెర మీద సలోమి నవ్వు మొహంతో, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని చదివి, వెంటనే సబ్బు ప్రకటనలోకి వెళ్ళింది.

ఇంట్లో అది విన్న సలోమి గిన్నె అక్కడే పెట్టి లేచిందట. గొడుగు తీసుకుని జిలానీ దగ్గరికి వెళ్ళి, మైకు ఆటో తియ్యమంది. నోటీసు సంగతి గుర్తుందా అని నేను ఫోన్లో అడిగాను. జైల్లో వేస్తే వేస్తారు, ముందు దోనిపాలెం పోవాలి అంది.

పన్నెండింటికి దోనిపాలెం నుంచి ఫోన్ చేసింది. ఎవరూ లేవడం లేదు. మైకులో అరుస్తుంటే ఆ గొంతు విని ఇదెవరో అనుకుంటున్నారు. దగ్గరికి వెళ్ళి మొహం చూపిస్తే, ఒంట్లో బాగాలేదామ్మా అని అడుగుతున్నారు. అక్కడ బోట్లకి పెద్ద నాంచారయ్య. ఫోన్ తీసుకుని నాతో ఆయనే మాట్లాడాడు.

"ఇంజనీరు గారూ, అమ్మగారు చెబితే కాదనే వాళ్ళమా? కానీ ఇందాక టీవీలో ఆవిడే చెప్పింది గదండీ. మా పేరు రాలేదు. పేరు రాకుండా పిల్లాజెల్లా గోదా తోలుకుని యాడికి పోతాం?"

సలోమి ఫోన్ తీసుకుంది. గాలి హోరులో సగం మాటలే వినపడ్డాయి.

"నా గొంతు నాది కాదంటున్నారండీ. మీ పాత డబ్బా తీయండి. దాంతో చెప్పించండి. నేను మిగతా ఊళ్ళకి పోతా."

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

మొదటి ఛాయ డబ్బా స్టోర్ రూంలో చెత్త కింద ఉంది. ఎలకలు ఒక తీగ కొరికేశాయి. అతికించి, దుమ్ము ఊది, మీట వేస్తే లేచింది. అప్పటికి ఒంటిగంటన్నర. హైదరాబాదు నుంచి వచ్చే కేబుల్ పీకేసి, టవర్‌కి ఈ డబ్బా కలిపాను. ఆ పని చేస్తుంటే భయం వేయలేదు. చాలా ఏళ్ళ తర్వాత నేను చేయాల్సిన పని చేస్తున్నానని అనిపించింది.

పేర్లు చూసుకుందామని గోడ వైపు తిరిగాను. గోడ నీలం రంగు. ఏకధార వాళ్ళు వచ్చిన నెలలోనే అన్ని స్టేషన్లకీ ఒకే రంగు వేయించారు. రోజూ చూసే గోడే, ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

కళ్ళు మూసుకున్నాను. పాత గోడ ఉన్నదున్నట్టు కనిపించింది. ఎర్ర అక్షరాలు, మాస్టారి గుండ్రటి దస్తూరి. దోనిపాలెం, మొగతోట, నక్కలదిబ్బ, ఉప్పుకొటార్లు, సాలిపేట, గొల్లగుంట, పాతరేవు, తుమ్మలగుంట, కంపలపాలెం, చినలంక. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పది. సలోమికి చదివి వినిపిద్దామని మళ్ళీ ఫోన్ చేశాను, కలవలేదు. ఇంక ఆగలేక మీట నొక్కాను.

తెర మీద సలోమి కళ్ళెత్తింది. చిన్నగా ఊపిరి తీసింది. నీళ్ళొస్తున్నాయి, నాలుగింటికల్లా ఈ ఊళ్ళు ఖాళీ చేయాలి అని పది పేర్లూ వరసగా చదివింది. అయిపోగానే మళ్ళీ చదివించాను. పదిసార్లో పదిహేనుసార్లో చదివించాను. ఫోన్ మోగుతూనే ఉంది, నిఖిత. ఎత్తలేదు. రెండున్నరకి మేడ మీదికెక్కి చూస్తే కట్ట మీద ట్రాక్టర్లు, బళ్ళు, సైకిళ్ళు, గేదెలు, నెత్తిన మూటలతో జనం. వానలో నిలబడి ఏడ్చాను. మాస్టారు చూసి ఉంటే భుజం తట్టేవారనుకున్నాను. ఇంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు.

నాలుగున్నరకి ఏరు వచ్చింది. ఆ చప్పుడు వాడలంక దాకా వినపడింది.

ఊళ్ళ వాళ్ళందరినీ హైస్కూల్లో దింపారు. ఐదున్నరకి సలోమి వచ్చింది, మోకాళ్ళ దాకా బురద, గొంతు గుసగుసలోకి దిగిపోయింది. గది గదికీ తిరిగి ఏ ఊరివాళ్ళు ఏ గదిలో ఉన్నారో చూసుకుంది. దోనిపాలెం వాళ్ళు ఆమెని చూసి చేతులెత్తి దండం పెట్టారు. నువ్వొచ్చి చెబితే నమ్మలేదమ్మా, టీవీలో చెప్పాక లేచాం, మమ్మల్ని బతికించావు అన్నాడు నాంచారయ్య. ఆమె తలూపి, ఆఖరి గది కూడా చూసి నా దగ్గరికి వచ్చింది.

"కొత్తకాలనీ వాళ్ళేరండీ?"

నేను ఆమె వెనక గదుల వైపు చూశాను.

"నేను పోయి చెప్పాగా. వాళ్ళొక్కళ్ళే నా మాట నమ్మింది. బూసమ్మకి నా గొంతు తెలుసుగా. నేనుండగానే ట్రాక్టర్‌కి సామాను ఎక్కిస్తున్నారు." కాసేపు నా మొహంలోకి చూసింది. "మీరు ఎన్ని పేర్లు చదివించారు?"

పది అన్నాను. ఆమె బెంచీ మీద కూచుని తల తుడుచుకుంది. పెన్సిలుతో రాసిన పేరు కళ్ళు మూసుకుంటే కనపడదని నాకు ఆ నిమిషంలో తెలిసింది.

కొత్తకాలనీలో ఎక్కువమంది వాటర్ ట్యాంకు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ముగ్గురు పోయారు. బూసమ్మ పోయింది. మర్నాడు నీళ్ళు తీశాక ఆమె కోడలు శేషారత్నాన్ని పడవలో తీసుకొచ్చారు. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. ఏం జరిగిందని ఎవరో అడిగితే గోడకి చెప్పినట్టు చెప్పింది.

"అమ్మగారొచ్చి చెబితే సామానంతా ట్రాక్టర్ ఎక్కించాం. ఇంక బయల్దేరదామనేసరికి టీవీలో పేర్లొచ్చినియ్యి. మా అత్త మొత్తం వినింది. రెండోసారి కూడా నిలబడి వినింది. సలోమి మన పేరు మర్చిపోద్దంటే? అన్ని పేర్లు చెప్పింది, మన పేరు చెప్పలా. అంటే మనకి రావు నీళ్ళు. ఇందాక ఎవురో చెబితే విని భయపడి ఉంటది పాపం, ఇప్పుడు ఆఫీసుకి పోయి సరిగ్గా కనుక్కుని చెప్పింది అనింది. దింపండే సామాను అనింది. దింపేశాం."

సలోమి అక్కడే ఉంది. శేషారత్నం పక్కన కూచుని, ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, పొద్దుపోయేదాకా లేవలేదు. నేను గేటు బయటే నిలబడ్డాను. లోపలికి వెళ్ళే మొహం లేకపోయింది.

ఉద్యోగం పోతుందనుకున్నాను, కేసు పెడతారనుకున్నాను. అవేవీ జరగలేదు. ఆ మధ్యాహ్నం తీరవాణిని చూసినంతమంది ఏకధార స్టేషన్లలో దేన్నీ ఎప్పుడూ చూడలేదట. హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చి నాకు శాలువా కప్పి ఫోటో తీసుకున్నారు. నేను కొట్టిన పాఠం కాపీ చేసుకుని వెళ్ళారు. రెండు నెలలకి కొత్త కార్యక్రమం పెట్టారు. రోజూ ఏడింటి వార్తల చివర ఏ ఊరి ఛాయ ఆ ఊరి పల్లెల పేర్లు చదివి, అంతా క్షేమమేనా అని పలకరిస్తుంది. సబ్బు కంపెనీ వాళ్ళ సౌజన్యంతో. మా స్టేషన్లో సలోమి రోజూ పది పేర్లు చదువుతుంది. వానుండదు, వరదుండదు, మబ్బు కూడా ఉండదు. పేర్లు మాత్రం వస్తాయి. ఇప్పుడు మా వైపు పేరొచ్చిందా అని ఎవరూ అడగడం లేదు. రోజూ వచ్చేదాన్ని అడిగేదేముంది. రేపు నిజంగా నీళ్ళొస్తే ఎవరు లేస్తారో నాకు తెలియదు.

పదకొండో పేరు కలపమని నిఖితకి ఫోన్ చేశాను. నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి ఆమె గొంతు మరీ అలసిపోయి ఉంది.

"సార్, రికార్డుల్లో ఆ కాలనీ తీసేశారు. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు కదా. లేని ఊరి పేరు ఎట్లా చదివిస్తాం?" అని, వచ్చే నెల నుంచి తన సీట్లో కూడా మనిషి ఉండడని, తన మాటలన్నీ రికార్డు చేసుకున్నారని చెప్పింది. సంతకం పెట్టకమ్మా అన్నాను. పెట్టేశాను సార్ అంది.

మా ఇంట్లో వార్తలు వచ్చినంతసేపూ టీవీ సౌండు తీసేసి ఉంటుంది. తినేది తింటాం. చివర్లో పేర్లొచ్చే వేళకి సలోమి ఎడమ చేత్తో రిమోట్ అందుకుని సౌండు పెంచుతుంది. దోనిపాలెం, మొగతోట అంటూ ఆ చిన్నవయసు గొంతు, తేనెలాంటి గొంతు, చినలంక దాకా వెళ్ళి ఆగుతుంది. అంతా క్షేమమేనా అని నవ్వుతుంది. ఆ నవ్వుకీ సబ్బు ప్రకటనకీ మధ్య ఒక్క క్షణం చప్పుడుండదు.

ఆ క్షణంలో నా పక్కనున్న సలోమి అన్నం కలపడం ఆపి, గరగరమనే గొంతుతో టీవీకేసి చూస్తూ కొత్తకాలనీ అంటుంది. మళ్ళీ తలొంచుకుని తింటుంది. రోజూ అంతే.